అప్‌డేట్ రాగానే పాత లాప్‌టాప్ మొరాయిస్తుంటే ముందు ఎక్కడ చూడాలి

మీరు రాసిన సమస్య క్లుప్తంగా ఇదీ: 2014 నాటి లాప్‌టాప్, నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. అదనపు భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకున్నారు కాబట్టి నెలనెలా అవి వస్తున్నాయి. వచ్చిన ప్రతిసారీ మౌస్ కదలడమే గగనమైపోతోంది. ఫ్యాన్ హోరెత్తుతోంది. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తోంది. రీస్టార్ట్ చేస్తే 30 శాతం దగ్గర గంటకు పైగా కదలడం లేదు. ఒకరు అప్‌డేట్లు పూర్తిగా ఆపేయమన్నారు, ఒకరు ఫార్మాట్ చేయమన్నారు, ఇంకొకరు కొత్తది కొనుక్కోమన్నారు. ఏది వినాలి అని మీ ప్రశ్న.

ఇప్పటికైతే ఎవరి మాటా వినకండి. కంప్యూటర్ నెమ్మదించిందంటే అది దేనికోసమో ఎదురుచూస్తోందని అర్థం. డిస్క్ కోసమా, ర్యామ్ కోసమా, ప్రాసెసర్ కోసమా, లేక వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుందా? ఇది తేలకుండా ఏ వైద్యం చేసినా గుడ్డి వైద్యమే. మీరు చెప్పిన లక్షణాలను బట్టి నా అనుమానం నూటికి తొంభై పాళ్లు హార్డ్ డిస్క్ మీదే. కానీ అనుమానంతో డబ్బు ఖర్చు పెట్టకూడదు కాబట్టి, పది నిమిషాల్లో తేల్చుకునే పద్ధతి చెప్తాను.

ముందు అప్‌డేట్ సమయంలో లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలియాలి. చాలామంది అప్‌డేట్ అంటే డౌన్‌లోడ్ అనుకుంటారు. నిజానికి డౌన్‌లోడ్ చాలా తేలికైన పని, మీ పాత ప్రాసెసర్ దానికి చెమట కూడా పట్టదు. అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. డౌన్‌లోడ్ అయిన ప్యాకేజీలో పూర్తి ఫైళ్లు ఉండవు, ఎక్కువగా మార్పుల ముక్కలే ఉంటాయి. విండోస్ ఆ ముక్కలను తన దగ్గరున్న పాత ఫైళ్లతో కలిపి కొత్త ఫైళ్లను తయారు చేసుకోవాలి, ప్రతిదాన్నీ సరిచూడాలి, సిస్టమ్ ఫోల్డర్లలో పెట్టాలి, రేపు తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి పాతవాటిని దాచాలి. ఈ పని చేసేది టాస్క్ మేనేజర్‌లో 'విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ వర్కర్' అనే పేరుతో కనిపిస్తుంది. అది వేల కొద్దీ చిన్న ఫైళ్లను చదువుతుంది, రాస్తుంది. అదే సమయంలో విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఆ కొత్త ఫైళ్లన్నింటినీ స్కాన్ చేస్తుంటుంది. అది 'యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్' అనే పేరుతో పక్కనే కనిపిస్తుంది. అంటే ఒకే డిస్క్ మీద ఇద్దరు పడతారు.

రీస్టార్ట్ తర్వాత కూడా పని అయిపోదు. చాలా ప్రోగ్రాములకు ఆధారమైన డాట్‌నెట్ అనే భాగం అప్‌డేట్ అయితే దాని లైబ్రరీలను మీ ప్రాసెసర్‌కు తగ్గట్టు మళ్లీ కంపైల్ చేస్తుంది, అంటే దానికి నేరుగా అర్థమయ్యే రూపంలోకి మారుస్తుంది. సెర్చ్ ఇండెక్స్ తాజా అవుతుంది. మీ కంప్యూటర్ సమాచారం సేకరించే 'కంపాటిబిలిటీ టెలిమెట్రీ' కూడా ఒక చుట్టు తిరుగుతుంది. అందుకే అప్‌డేట్ పూర్తయింది అని చూపించాక కూడా మరో గంట నత్తనడక నడుస్తుంది. ఇవన్నీ మామూలు పనులే. తిరిగే పళ్లెం లేకుండా చిప్‌ల మీదే దాచే ఎస్ఎస్‌డి ఉన్న కంప్యూటర్‌లో ఇవి జరిగినట్టు కూడా తెలియదు.

మరి హార్డ్ డిస్క్‌కే ఎందుకింత కష్టం? ఇక్కడ చిన్న లెక్క చూడండి. పాత లాప్‌టాప్ డిస్కుల్లో ఎక్కువ భాగం నిమిషానికి 5400 చుట్లు తిరిగేవి. అంటే సెకనుకు 90 చుట్లు, ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం దాన్ని చదివే ముల్లు, అంటే హెడ్ కిందకు రావడానికి సగటున సగం చుట్టు, అంటే ఐదున్నర మిల్లీసెకన్లు పడుతుంది. దానికి ముందు హెడ్ సరైన చోటుకు కదలడానికి ఇంకో 12 మిల్లీసెకన్లు వేసుకోండి. మొత్తం 17, 18. ఈ లెక్కన సెకనుకు 55, 60 చోట్లకు మించి వెళ్లలేదు. ఒక్కో చోట 4 కేబీ చదివిందనుకుంటే సెకనుకు పావు ఎంబీ కూడా దాటదు! అదే డిస్క్ ఒక పెద్ద సినిమా ఫైల్‌ను వరుసగా చదివితే సెకనుకు 80, 100 ఎంబీ ఇస్తుంది. ఒక పుస్తకాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవడం వేరు, ప్రతి వాక్యానికీ లేచి వెళ్లి కొత్త పుస్తకం వెతికి తేవడం వేరు. అప్‌డేట్ అంటే రెండో రకం.

కాబట్టి 'డిస్క్ 100 శాతం, కానీ వేగం మాత్రం 1 ఎంబీ' అని కనిపిస్తే కంగారు పడకండి. ఆ 100 శాతం డిస్క్ ఎంత సేపు తీరిక లేకుండా ఉందో చెప్తుంది, ఎంత పని అయిందో చెప్పదు.

ఇప్పుడు పరీక్షకు వద్దాం. ఈసారి అప్‌డేట్ నడుస్తూ కంప్యూటర్ మొరాయిస్తున్నప్పుడే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకోవడానికి నిమిషం పట్టినా ఓపిక పట్టండి, మళ్లీ మళ్లీ నొక్కొద్దు. తెరుచుకున్నాక పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌కు వెళ్లి ఒక కాగితం మీద నాలుగు అంకెలు రాసుకోండి.

డిస్క్ పేజీలో 'యావరేజ్ రెస్పాన్స్ టైమ్' అని ఉంటుంది. నాకు అన్నింటికన్నా ముఖ్యమైన అంకె ఇదే. ఆరోగ్యంగా ఉన్న హార్డ్ డిస్క్ కాస్త పని మీద ఉన్నప్పుడు ఇది కొన్ని పదుల మిల్లీసెకన్లు ఉంటుంది. అప్‌డేట్ వేళ వంద, రెండు వందలు దాటినా పెద్దగా పట్టించుకోను, క్యూ పెరిగిందని అర్థం. కానీ వేలల్లోకి వెళ్లి అక్కడే నిలబడి, పక్కన చదివే, రాసే వేగం దాదాపు సున్నా చూపిస్తుంటే మాత్రం డిస్క్ ఒకే చోటును చదవలేక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోందేమో అనుమానించాలి. అది నెమ్మదితనం కాదు, జబ్బు. దాని సంగతి కింద చెప్తాను.

మెమరీ పేజీలో 'ఇన్ యూజ్', 'కమిటెడ్' రెండూ చూడండి. 4 జీబీలో మూడున్నర వాడుకలో ఉండి, కమిటెడ్ 6 జీబీ దాకా వెళ్లిందంటే మిగతా భారంలో చాలా భాగం పేజ్ ఫైల్, అంటే ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే చోటు, మోస్తోందన్నమాట. మన బక్క డిస్క్ నెత్తిన మూడో బరువు ఇది. మీ విషయంలో ఇది కచ్చితంగా ఉంటుంది, ఎందుకంటే నేటి బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తే 4 జీబీ ఏ మూలకూ చాలదు. అప్‌డేట్ నడిచేటప్పుడు బ్రౌజర్ పూర్తిగా మూసేయండి. కొన్ని బ్రౌజర్లు మూసినా వెనకాల నడుస్తూనే ఉంటాయి, సెట్టింగ్స్‌లో ఆ బ్యాక్‌గ్రౌండ్ అనుమతి తీసేయండి. పైసా ఖర్చు లేని చిట్కాల్లో దీనంత ఫలితం ఇచ్చేది ఇంకోటి లేదు.

సీపీయూ, అంటే ప్రాసెసర్ పేజీలో రెండు విషయాలున్నాయి. మీ ఐ3లో రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు, అంటే ఒకేసారి నాలుగు పనుల వరుసలు నడపగలదు. అప్‌డేట్ చేసే ప్రోగ్రామ్ చాలా భాగం ఒకే థ్రెడ్ మీద నడుస్తుంది. ఆ ఒక్క థ్రెడ్ పూర్తిగా నిండిపోయినా టాస్క్ మేనేజర్ మొత్తం మీద 25 శాతమే చూపిస్తుంది. 'సీపీయూ ఖాళీగానే ఉంది కదా' అని చాలామంది ఇక్కడే పొరబడతారు. రెండోది స్పీడ్. పక్కన 'బేస్ స్పీడ్' అని ఉంటుంది. పని ఎక్కువగా ఉన్నా వేగం దానికన్నా బాగా కిందకు, 0.8 గిగాహెర్ట్జ్ లాంటి చోటికి పడిపోయి అక్కడే ఉంటే రెండు కారణాలు చూడాలి: వేడి, లేదా కరెంటు.

వేడి సంగతి సులభం. పదేళ్లు దాటిన లాప్‌టాప్ ఎప్పుడూ శుభ్రం చేయకపోతే ఫ్యాన్‌కూ గాలి బయటకు పోయే రేకులకూ మధ్య దుమ్ము కంబళిలా పేరుకుని ఉంటుంది. థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది. మంచం మీద, దిండు మీద పెట్టి అప్‌డేట్ నడిపితే ఇక చెప్పనక్కర్లేదు. విప్పడం వచ్చినవాళ్లతో దుమ్ము తీయించి, పేస్ట్ మార్పించండి. కరెంటు సంగతి చాలామందికి తట్టదు. కొన్ని లాప్‌టాప్‌లు తమ అడాప్టర్‌ను గుర్తుపట్టకపోతే, అంటే వేరే అడాప్టర్ పెట్టినా, పిన్ను అరిగిపోయినా, జాగ్రత్త కోసం ప్రాసెసర్‌ను కనిష్ఠ వేగానికి బిగించేస్తాయి. ఛార్జింగ్ అవుతున్నట్టే కనిపిస్తుంది, కంప్యూటర్ మాత్రం పాకుతుంది. పవర్ ప్లాన్ 'పవర్ సేవర్'లో ఉండిపోయిందేమో కూడా ఒకసారి చూసుకోండి.

అదే సీపీయూ పేజీలో 'అప్ టైమ్' అని ఉంటుంది, నాలుగో అంకె అది. రోజూ షట్ డౌన్ చేస్తున్నా అక్కడ 20 రోజులు అని కనిపిస్తే ఆశ్చర్యపోకండి. విండోస్ 10లో 'ఫాస్ట్ స్టార్టప్' అనే సదుపాయం వల్ల షట్ డౌన్ అంటే సగం నిద్రే: సిస్టమ్ లోపలి భాగాన్ని డిస్క్ మీద దాచుకుని, మళ్లీ ఆన్ చేసినప్పుడు దాన్నే తిరిగి ఎత్తుకుంటుంది. రీస్టార్ట్ మాత్రమే నిజంగా కొత్తగా మొదలుపెడుతుంది. అప్‌డేట్ మొదలుపెట్టే ముందు ఒకసారి రీస్టార్ట్ చేసి, ఓ పావుగంట వదిలేసి, అప్పుడు అప్‌డేట్ నొక్కండి. నేను చూసిన చాలా మెషీన్లలో ఈ ఒక్క అలవాటుతోనే సగం గొడవ తగ్గింది.

ఇప్పుడు డిస్క్ జబ్బు. ఈ ఒక్క పరీక్ష చేయకుండా మిగతావి ఏవీ చేయకండి అంటాను. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌ను దాని అసలు సైట్ నుంచే దించుకుని తెరవండి. పైన 'గుడ్' అని నీలం రంగులో కనిపిస్తే కొంత నిశ్చింత. పసుపులో 'కాషన్' అని ఉంటే కింద జాబితాలో మూడు వరుసలు చూడండి: 'రీఅలొకేటెడ్ సెక్టార్స్', 'కరెంట్ పెండింగ్ సెక్టార్స్', 'అన్‌కరెక్టబుల్ సెక్టార్స్'. మొదటిది, అంటే పాడైపోయి డిస్క్ పక్కన పెట్టేసిన చోట్లు, ఒకటీ రెండూ ఉండి ఏళ్ల తరబడి పెరగకుండా ఉంటే భరించవచ్చు. రెండోది సున్నా కాకపోతే నేను ఆ డిస్క్‌ను నమ్మను. చదవాలని చూస్తే చదవబడని చోట్లు అవి. అప్‌డేట్ సరిగ్గా అలాంటి చోట రాసి ఉన్న సిస్టమ్ ఫైల్‌ను అడిగిందనుకోండి, డిస్క్ సెకన్ల తరబడి తంటాలు పడుతుంది, రెస్పాన్స్ టైమ్ వేలకు పోతుంది, మీకు 30 శాతం దగ్గర గంటసేపు బొమ్మ కనిపిస్తుంది.

ఇంకో సాక్ష్యం కావాలంటే విండోస్ తన లోపాలను రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ కింద వెతకండి. 'డిస్క్' పేరుతో 7వ నంబర్ ఈవెంట్ ఉంటే పాడైన బ్లాక్ దొరికిందని అర్థం. 153 అంటే చదవడమో రాయడమో మళ్లీ ప్రయత్నించాల్సి వచ్చిందని. 129 అంటే డిస్క్ బదులు పలకక దాన్ని రీసెట్ చేశారని. అప్‌డేట్ రోజు వరుసగా ఇవే కనిపిస్తే ఇక వాదన అక్కర్లేదు. ఒక మినహాయింపు ఉంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో 'సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్' ఒక్కటే పెరుగుతూ మిగతావన్నీ బాగుంటే తప్పు డిస్క్‌ది కాకపోవచ్చు, కేబుల్‌దో కనెక్టర్‌దో కావచ్చు. డెస్క్‌టాప్‌లలో ఇది ఎక్కువ.

డిస్క్ పోయే దశలో ఉందని తేలితే అప్‌డేట్ గురించి మర్చిపోండి. ఆ క్షణం నుంచి మీ పని ఒక్కటే, ఫొటోలు, పత్రాలు వేరే చోటికి కాపీ చేసుకోవడం. డిస్క్‌ను 'రిపేర్' చేసే పూర్తి స్కాన్లు, డీఫ్రాగ్‌లు కాపీకి ముందు నడపొద్దు. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌తో గంటల తరబడి పని చేయిస్తే ఆ పరుగే దాని ఆఖరి పరుగు కావచ్చు.

డిస్క్ బాగుందనుకుందాం. అప్పుడు ఖాళీ చోటు చూడండి. సీ డ్రైవ్‌లో 20 జీబీ అయినా ఖాళీ ఉండాలని నా నియమం. అప్‌డేట్ కొత్త ఫైళ్లను తయారు చేసుకునే చోటు, పాతవి దాచుకునే చోటు, పేజ్ ఫైల్ పెరిగే చోటు అన్నీ అక్కడి నుంచే రావాలి. చోటు చాలక ఆగిపోతే తరచూ కనిపించే ఎర్రర్ చివర 80070070 అని ఉంటుంది. డిస్క్ క్లీనప్ తెరిచి 'క్లీన్ అప్ సిస్టమ్ ఫైల్స్' నొక్కండి, 'విండోస్ అప్‌డేట్ క్లీనప్' అనే వరుసకు టిక్ పెట్టండి. పాత డిస్క్ మీద ఇది కూడా గంట తినొచ్చు, మధ్యలో ఆపకండి. పాత విండోస్ 10 వెర్షన్లలో 'డౌన్‌లోడ్స్' అనే వరుస కూడా ఉండేది, అది కనిపిస్తే దానికి టిక్ ఉందేమో మాత్రం కళ్లు పెట్టి చూడండి. మీ ఫైళ్లు అందులో ఉంటే గోవిందా. విన్‌ఎస్ఎక్స్ఎస్ అనే ఫోల్డర్ బోలెడంత పెద్దగా కనిపిస్తుంది, దాన్ని చేత్తో చెరపకండి. అందులోని ఫైళ్లు చాలావరకు విండోస్ ఇతర ఫోల్డర్లలో ఉన్నవే, రెండు పేర్లతో ఒకే ఫైల్. కనిపించినంత చోటు అది నిజంగా తినదు, చెరిపితే మాత్రం విండోస్ లేవదు.

రెండు యాంటీవైరస్‌లు ఉన్నాయా? కొన్నప్పుడు వచ్చిన ట్రయల్ ప్రోగ్రామ్ గడువు తీరినా వదలకుండా కూర్చుని ఉంటుంది. తీసేయండి. డిఫెండర్ ఒక్కటి చాలు.

డౌన్‌లోడ్ అయిన ప్యాకేజీ పాడైపోయి అదే అప్‌డేట్ పదే పదే విఫలమవుతుంటే, అంటే ప్రతి రోజూ మొదటి నుంచి మొదలై, మళ్లీ ఆగి, మళ్లీ వెనక్కి వెళ్తుంటే, సెట్టింగ్స్‌లో ఉన్న విండోస్ అప్‌డేట్ ట్రబుల్‌షూటర్‌ను ముందు నడపండి. దానితో కాకపోతే సర్వీసెస్‌లో 'విండోస్ అప్‌డేట్' సర్వీసును ఆపి, విండోస్ ఫోల్డర్‌లో ఉన్న 'సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్' లోపలి 'డౌన్‌లోడ్' ఫోల్డర్‌ను ఖాళీ చేసి, సర్వీసును మళ్లీ మొదలుపెట్టండి. మళ్లీ కొత్తగా దించుకుంటుంది. మీ సొంత ఫైళ్లకు దీనివల్ల ఏమీ కాదు. అయితే మామూలుగా నడుస్తున్న అప్‌డేట్‌కు ఇది మందు కాదు. నెమ్మదిగా ఉందని మధ్యలో ఇలా చేస్తే అయిన పని కూడా పోయి మొదటికొస్తుంది.

పాత మెషీన్లలోనే వచ్చే ఒక వింత సమస్య ఉంది, మీకు ఉందో లేదో గాని చెప్పి వదిలేస్తాను. మదర్‌బోర్డు మీద ఉండే చిన్న గుండ్రటి బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ తప్పితే భద్రతా సర్టిఫికెట్లు చెల్లవు, అప్‌డేట్ సర్వర్‌తో మాట కలవదు, గంటల తరబడి 'చెకింగ్ ఫర్ అప్‌డేట్స్' తిరుగుతూ ఉంటుంది. గడియారం సరిగా ఉందో లేదో చూడటానికి రెండు సెకన్లు.

ఇక రీస్టార్ట్ దగ్గర గంటసేపు ఆగడం. 'కంప్యూటర్ ఆఫ్ చేయకండి' అనే తెర మీద కనిపించే శాతాన్ని గడియారంలా చూడకండి. అది పనిలో ఏ మెట్టు మీద ఉందో చెప్తుంది, మెట్లన్నీ ఒకే ఎత్తు ఉండవు. 30 దగ్గర యాభై నిమిషాలు ఉండి, అక్కడి నుంచి 100కు ఐదు నిమిషాల్లో పోవడం మామూలే. హార్డ్ డిస్క్ లైటు మిణుకుమంటోందా, చెవి పెడితే చిన్న గరగర వినిపిస్తోందా, అప్పటిదాకా ముట్టుకోకండి. మీలాంటి కాన్ఫిగరేషన్‌లో రెండు గంటలు పట్టినా నేను లేవను. లైటు పూర్తిగా ఆరిపోయి మూడు గంటలు దాటినా చలనం లేదంటే అప్పుడు మాత్రమే పవర్ బటన్‌ను నొక్కిపట్టి ఆపండి. మళ్లీ ఆన్ చేస్తే విండోస్ చాలావరకు తనే చేసిన మార్పులు వెనక్కి తీసుకుంటుంది. ఆ వెనక్కి తీసుకోవడానికీ సమయం పడుతుంది. అక్కడ టెన్షన్ పడి రెండోసారి ఆపేసినవాళ్లకే బూట్ పోయిన సందర్భాలు ఎక్కువగా చూశాను. డౌన్‌లోడ్ దశలో ఉండగా రీస్టార్ట్ చేస్తే మాత్రం నష్టం లేదు, ఆగిన చోటు నుంచి అందుకుంటుంది.

అప్‌డేట్ మీ పని వేళల్లో రాకుండా చూసుకోవడం మీ చేతిలోనే ఉంది. విండోస్ భద్రతా అప్‌డేట్లు ప్రతి నెలా రెండో మంగళవారం విడుదలవుతాయి. అమెరికా పశ్చిమ తీరంలో అది ఉదయం పది గంటలు, ప్రపంచంలో చాలా చోట్ల మంగళవారం రాత్రో బుధవారమో అవుతుంది. ఆ వారం మీ మెషీన్ చతికిలపడటం అందుకే. సెట్టింగ్స్‌లో 'పాజ్ అప్‌డేట్స్' ద్వారా 35 రోజుల వరకు వాయిదా వేయవచ్చు. నా సలహా మాత్రం ఒక వారం ఆపి, సెలవు రోజు ఛార్జర్ పెట్టి, అన్నీ మూసేసి, అప్‌డేట్ మొదలుపెట్టి, స్లీప్‌లోకి వెళ్లకుండా సెట్ చేసి, మీ పని మీద మీరు వెళ్లిపోవడం. 'యాక్టివ్ అవర్స్' సరిగా పెట్టుకుంటే పని మధ్యలో రీస్టార్ట్ కాదు. 'డెలివరీ ఆప్టిమైజేషన్'లో ఇతర కంప్యూటర్లకు పంపే సదుపాయం ఆపేయండి, పాత డిస్క్‌కు ఆ సేవ ఎందుకు?

పూర్తిగా ఆపేయమన్న సలహా దగ్గరకు వద్దాం. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక లోపానికి ప్యాచ్ ఇచ్చింది. అదే ఏడాది మే 12న వానాక్రై అనే దాడి ప్రోగ్రామ్ అదే లోపం గుండా దూరి ప్రపంచమంతటా ఫైళ్లను తాళం వేసి డబ్బు అడిగింది. ప్యాచ్ వచ్చి దాదాపు రెండు నెలలైంది అప్పటికి. వేసుకోని కంప్యూటర్లే దొరికాయి. అప్‌డేట్లను శాశ్వతంగా ఆపే చిన్న చిన్న టూల్స్ గురించి నాకు ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. అవి సర్వీసుల అనుమతులను గజిబిజి చేస్తాయి, తర్వాత కావాలన్నా అప్‌డేట్ పని చేయదు. రిజిస్ట్రీ క్లీనర్లు, 'డ్రైవర్ బూస్టర్' తరహా ప్రోగ్రాములు కూడా అదే కోవ. ర్యామ్ 'ఖాళీ చేసే' ప్రోగ్రాములు ఖాళీ చేసిందంతా డిస్క్ మీదకే తోస్తాయి, మనకు ఉన్నదే డిస్క్ గొడవ.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. అప్‌డేట్ల వల్ల కంప్యూటర్ నిజంగానే నెమ్మదించిన సందర్భం ఉంది. 2018 జనవరిలో బయటపడ్డ మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలు ప్రాసెసర్‌లోనివి. వాటికి వేసిన ప్యాచ్‌ల వల్ల మీ నాలుగో తరం, అంటే హాస్‌వెల్, దానికన్నా పాత ప్రాసెసర్లలో వేగం తగ్గడం కొందరికి తెలుస్తుందని మైక్రోసాఫ్ట్ అప్పుడే ఒప్పుకుంది. అయితే అది ఎప్పుడూ ఉండే కొద్దిపాటి తగ్గుదల. అప్‌డేట్ రోజు మౌస్ కదలకపోవడానికి అది కారణం కాదు.

ఫార్మాట్ సంగతి? అదే హార్డ్ డిస్క్ మీద మళ్లీ విండోస్ వేస్తే రెండు నెలలు హాయిగా ఉంటుంది, తర్వాత మళ్లీ ఇదే కథ. డిస్క్ సెకనుకు వెళ్లగలిగే చోట్లు ఫార్మాట్ చేస్తే పెరగవు కదా. కాబట్టి ఫార్మాట్ చేసే ఓపికే ఉంటే ఎస్ఎస్‌డి మీద చేయండి.

మీ లాప్‌టాప్‌కు కావలసింది రెండున్నర అంగుళాల సాటా ఎస్ఎస్‌డి, అంటే మీ హార్డ్ డిస్క్ పెట్టే కనెక్టర్‌కే సరిపోయే రకం. సన్నగా చూయింగ్ గమ్ ముక్కలా ఉండే ఎన్‌వీఎంఈ రకం కొనకండి, ఆ కాలపు లాప్‌టాప్‌లలో దానికి చోటు ఉండదు. ఎస్ఎస్‌డిలు ఎక్కువగా 7 మిల్లీమీటర్ల మందం ఉంటాయి. మీ పాత డిస్క్ 9.5 మిల్లీమీటర్లదైతే వదులు కాకుండా ఒక స్పేసర్ పెట్టాలి. 'నా లాప్‌టాప్ పాత సాటా, వేగం రాదేమో' అని సందేహించకండి. మనకు కావలసింది వరుస వేగం కాదు, చోటు నుంచి చోటుకు దూకే వేగం. అక్కడ హార్డ్ డిస్క్ పదుల్లో ఉంటే మామూలు ఎస్ఎస్‌డి కూడా వేలల్లో ఉంటుంది. మీరు గంటన్నర చూస్తున్న అప్‌డేట్ ఇరవై నిమిషాలకు అటూ ఇటూగా అయిపోతుంది. 500 జీబీ అక్కర్లేదనుకుంటే 240, 256 చాలు. పాత డిస్క్ బాగుంటే దాన్ని యూఎస్‌బీ కేసులో పెట్టి బ్యాకప్‌కు వాడుకోవచ్చు.

పాతదాన్ని యథాతథంగా క్లోన్ చేయాలా, కొత్తగా వేయాలా? డిస్క్ ఆరోగ్యంగా ఉంటే క్లోన్ సులభం. పెండింగ్ సెక్టార్లు ఉంటే క్లోన్ మధ్యలో ఆగుతుంది, లేదా పాడైన ఫైళ్లతో సహా కొత్తదానిలోకి వస్తుంది. అలాంటప్పుడు కొత్తగా ఇన్‌స్టాల్ చేయడమే మేలు. డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది కాబట్టి డిస్క్ మార్చి అదే ఎడిషన్ వేస్తే, ఇంటర్నెట్‌కు కలపగానే యాక్టివేట్ అవుతుంది. డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో ముందే చూసి, రికవరీ కీ రాసి పెట్టుకోండి.

ర్యామ్ రెండో మెట్టు. ఇంకో 4 జీబీ వేసి 8 చేస్తే పేజ్ ఫైల్ గొడవ చాలా తగ్గుతుంది. మీ తరం లాప్‌టాప్‌లకు 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ కావాలి. అచ్చం అలాగే కనిపించే 1.5 వోల్టుల మామూలు డీడీఆర్3 పెడితే ఆన్ కాకపోవచ్చు. రెండో స్లాట్ ఉందో లేదో టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలోనే 'స్లాట్స్ యూజ్డ్' దగ్గర కనిపిస్తుంది. డబ్బు ఒకదానికే సరిపోతే మాత్రం ఎస్ఎస్‌డికే నా ఓటు. ర్యామ్ చాలక డిస్క్ మీదకు పోయినా, ఆ డిస్క్ ఎస్ఎస్‌డి అయితే అంతగా బాధించదు.

ఇదంతా చేసే ముందు గడువులు తెలుసుకుని ఖర్చు పెట్టండి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీరు నమోదు చేసుకున్న అదనపు భద్రతా అప్‌డేట్లను వ్యక్తిగత వాడుకదారులకు 2026 అక్టోబర్ 13 వరకు అని ప్రకటించారు. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరమో ఆ పైదో కావాలి. మీది నాలుగో తరం, దారి లేదు. తనిఖీలు దాటవేసి బలవంతంగా వేసే పద్ధతులు ఉన్నాయి గానీ, అలా వేసినవాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్తోంది. అప్‌డేట్ల గురించే బాధపడుతున్న మనిషికి ఆ దారి చూపించలేను.

మరి ఎస్ఎస్‌డి ఖర్చు వృథానా? కాదు. ఆ గడువు దాటాక అదే లాప్‌టాప్‌లో విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే బ్రౌజింగ్‌కు, ఉత్తరాలకు, వీడియోలకు ఇంకొన్నేళ్లు వస్తుంది. పైగా అక్కడ అప్‌డేట్లు మీరు నొక్కినప్పుడే ఎక్కుతాయి. మీకు తప్పనిసరిగా విండోస్‌లోనే నడిచే ప్రోగ్రామ్ ఉంటే అప్పుడు కొత్త మెషీన్ గురించి ఆలోచించాలి. అప్పుడైనా ఈ ఎస్ఎస్‌డి బయటకు తీసి యూఎస్‌బీ కేసులో వాడుకోవచ్చు.

ముందు ఆ నాలుగు అంకెలు తీయండి: డిస్క్ రెస్పాన్స్ టైమ్, మెమరీలో కమిటెడ్, సీపీయూ స్పీడ్, అప్ టైమ్. వాటితో పాటు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరను ఫొటో తీసి పెట్టండి. అందులో సీరియల్ నంబర్ ఉంటుంది, అది కనిపించకుండా చెరిపి పెట్టండి. రెస్పాన్స్ టైమ్ వేలల్లో ఉంటే మాత్రం నా జవాబు కోసం ఆగకుండా ఈ రాత్రే ఫైళ్లు కాపీ చేయడం మొదలుపెట్టండి.